చూడని రోజుకు గీత

ఆమె పోయిందని నాకు చెప్పింది కాలువ చివరి ఊరి రైతు. పొద్దున్నే ఫోన్ చేశాడు. కడపలో చెల్లెలి ఇంట్లో ఉండేదట, రాత్రి నిద్రలోనే పోయిందట.  తర్వాత తన మాట ఎత్తాడు.

"మా ఊరు ఇంకా కాలువ కింద ఉండాదంటే ఆ యమ్మ వల్లే సార్. అది నేను కాదనను. కానీ ఆ యమ్మ మీద నాకు కోపం ఉండాది. ఇప్పటికీ పోలేదు. మన్ను ఇయ్యడానికి పోతాండాం, ట్రాక్టర్ మాట్లాడినాం, ముప్పై మందిమి. అయినా కోపం కోపమే."

ముప్పై మంది ట్రాక్టరెక్కి సమాధిలో పిడికెడు మన్ను వేయడానికి వెళ్లేంత కోపం నా వృత్తిలో నేను ఎక్కువసార్లు చూడలేదు. ఆ కోపం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. నా ఎదుటే పుట్టింది.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. బతికుండగా పేపర్లో పేరు వేస్తామంటే రెండుసార్లు వద్దంది. "నా పేరు ఎందుకప్పా, గేజీలు రాసుకో" అంది. కర్నూలులో కాలువ డివిజన్ ఆఫీసులో గుమస్తా. ఆఫీసులో చిన్నా పెద్దా అందరూ ఆపా, అంటే అక్కా, అనేవాళ్లు, ఉర్దూ రానివాళ్లు కూడా. ఆమెకూ ఉర్దూ అంతంతమాత్రమే. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల కుటుంబం. నాన్న కాలువ మీద లస్కరు. గట్టు వెంట తిరుగుతూ తూములు కాయడం, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గేజీ రాయి దగ్గర నీళ్లు ఎన్ని అడుగులున్నాయో చూసి రాయడం లస్కరు పని. ఆయన డ్యూటీలో ఉండగానే పోతే ఆ ఉద్యోగం మీద ఈమెను ఆఫీసులోకి తీసుకున్నారు.

నేను మొదటిసారి ఆమె దగ్గరికి వెళ్లింది కాలువకు నీళ్లు వదిలే తేదీ కోసం. బేతంచెర్ల బండలు పరిచిన పాత హాలు, నడిచి నడిచి మధ్యలో నునుపు తేలిన దారి. ఆ దారి చివర కిటికీ పక్కన ఆమె బల్ల. బల్ల మీద డిపార్ట్‌మెంటు చీటీ అంటించిన కొత్త కంప్యూటర్. ఎడమ అరచేయి కంప్యూటర్ డబ్బా మీద ఆనించి, తెర వంకే చూస్తోంది. జ్వరం వచ్చినవాళ్ల నుదుటి మీద చెయ్యి పెట్టినట్టు ఉంది ఆ కూర్చోవడం.

"ఉండప్పా," అంది నా వైపు తిరగకుండా. "లేస్తాండాది."

తెర మధ్యలో ఒక నల్లటి చదరం తెరుచుకుంది. అందులో ఆకుపచ్చ అక్షరాలు ఒక్కో వరుసా దిగాయి. ఇరవయ్యేళ్ల కిందట బ్యాంకుల్లో, రైల్వే కౌంటర్లలో చూసిన తెర అది. మౌసు లేదు, బొమ్మలు లేవు. కొత్త కంప్యూటర్‌లో ఇదేంటని అడిగాను.

"ఇది మా పాత మిషన్. చచ్చిపోయింది. లోపల బతికే ఉండాది."

ఆమె చెప్పింది, తర్వాత నేను అడిగి తెలుసుకున్నది కలిపితే సంగతి ఇది. ఎప్పుడో డాస్ రోజుల్లో ఆ ఆఫీసులోనే పనిచేసిన ఒక ఇంజినీరు గేజీ లెక్కల కోసం సొంతంగా ఒక ప్రోగ్రాం రాశాడు. అది నడిచే కంప్యూటర్ ఒక ఎండాకాలం కాలిపోయింది. డిస్కు మాత్రం మిగిలింది. కొత్త కంప్యూటర్లు ఆ ప్రోగ్రాంను నడపలేవు. ఆమె ఆ డిస్కును చీరకొంగులో చుట్టుకుని పాత బస్టాండు వైపు కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన దగ్గరికి వెళ్లింది. ఆయన కొత్త కంప్యూటర్లో వర్చువల్ మెషీన్ పెట్టి ఇచ్చాడు. అంటే కొత్త కంప్యూటర్లోనే కొంత జాగా, కొంత మెమరీ వేరుచేసి, అదొక విడి పాత కంప్యూటర్ అని ఆ ప్రోగ్రాంను నమ్మించడం. ఆయన చేస్తుంటే మూడు రోజులు స్టూలు మీద కూర్చుని చూసింది. చూసిన ప్రతి మెట్టూ తెలుగులో నోటుబుక్కులో రాసుకుంది. నాలుగో రోజు అంతా చెరిపేసి మళ్లీ మొదటి నుంచి తానే పెట్టి చూసుకుంది.

"దాన్ని మోసం చేస్తాండామని అనుకోవద్దు," అంది నాతో. "దానికి తెలిసిన ఇల్లు దానికి కట్టిచ్చినాం. దాని పని అది చేసుకుంటాది."

పొద్దున ఎనిమిదికల్లా, ఊడ్చేవాళ్లకంటే ముందే, ఆమె ఆఫీసులో ఉండేది. అప్పటినుంచి లస్కర్ల ఫోన్లు. ఇరవై మూడు గేజీలు. ఆమె కీబోర్డు మీద టైపుమిషన్ కొట్టినట్టు కొట్టేది. అంకె పడ్డాక రెండు చేతులూ తీసి ఒళ్లో పెట్టుకునేది. అంకె కొట్టే ముందు ప్రతి లస్కరునూ ఒకే మాట అడిగేది.

"రెండుంబావు ఆపా."

"చూసినావా, అనుకున్నావా?"

"చూసినా ఆపా."

"నీ వెనక బస్సు హారన్ వినపడతాండాది. గేజీ కాడికి బస్సు ఎప్పుడు వేసినారప్పా, మాకు చెప్పకుండా?"

అవతల హారన్ ఇంకోసారి మోగుతుంది. "అరగంటలో చేస్తా ఆపా."

ఆమె అంకె కొట్టదు. అరగంట తర్వాత మళ్లీ ఫోన్ వస్తుంది. అంకె మారి ఉంటుంది, చాలాసార్లు తగ్గి.

ఆ ప్రశ్న నాకూ తగిలింది. ఒకసారి ప్రెస్‌నోట్ చూసి "చివరి ఆయకట్టుకు చేరిన నీరు" అని వార్త పంపాను. జిల్లా పేజీలో పైభాగాన వచ్చింది. పొద్దున తొమ్మిదికి ఫోన్.

"బాగుండాదప్పా నీ వార్త. చూసినావా, అనుకున్నావా?"

నేను ఏదో చెప్పబోయాను.

"ఊరికే అడిగినా," అని పెట్టేసింది. మరుసటి రోజు నేను కాలువ వెంట బండి వేసుకుని వెళ్లాను. నీళ్లు చివరి ఊరికి పదిహేను కిలోమీటర్ల ముందే ఆగిపోయి ఉన్నాయి. సవరణ వేశాం, లోపలి పేజీలో, అడుగున. దాని గురించి ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. ఆ తర్వాత మాత్రం నాకు టీ తెప్పించడం మొదలుపెట్టింది.

ఆమె పాత ప్రోగ్రాంను పట్టుకుని వేలాడింది పాతదన్న ప్రేమతో కాదు. మొబైల్లో ఆమెకు రాని పని లేదు. కొత్త వాళ్లకు ఆన్‌లైన్ బిల్లులు చేసి పెట్టేది. ఆ ప్రోగ్రాంలో ఒక గుణం ఉంది. అది లస్కర్ల దగ్గర నేర్చుకున్న గుణం.

కాగితం రిజిస్టర్ల కాలంలో లస్కర్లకు ఒక పద్ధతి ఉండేది. గేజీ దగ్గరికి వెళ్లి చూస్తే నీళ్లు లేవనుకోండి, సున్న రాస్తారు. జ్వరమొచ్చో, వాగు పొంగో గేజీ దగ్గరికి వెళ్లలేదనుకోండి, ఆ గడిలో అడ్డగీత గీస్తారు. గీత చోట ఎవరూ అంకె రాయకూడదు. చిన్నప్పుడు నాన్నకు జ్వరమొస్తే ఈమె రిజిస్టరు తీసి, "నిన్నటి అంకె వేసేదా నాయనా" అని అడిగిందట. "నిన్నటి నీళ్లు నిన్ననే పోయినాయి, గీత గియ్యి" అన్నాడట ఆయన. ప్రోగ్రాం రాసిన ఇంజినీరు లస్కర్లతో నాలుగు రోజులు గట్టు మీద తిరిగిన మనిషి. గీతను కూడా ప్రోగ్రాంలో పెట్టాడు. ఒక మీట నొక్కితే గీత పడుతుంది, పక్కన కారణం రాయడానికి కాస్త జాగా ఉంటుంది. ఒకసారి పడిన గీత మీద అంకె కొడితే అది ఊరుకోదు. పాత గీతను, దిద్దిన తేదీని కిందే చూపిస్తుంది.

తర్వాత పోర్టల్ వచ్చింది. పాత లెక్కలన్నీ అందులోకి మార్చే పని ఒక కంపెనీ తీసుకుంది. మార్చినవాళ్లకు గీత అంటే ఏమిటో తెలియదు. గీత ఉన్న చోటల్లా సున్న పడింది. ఆమె పట్టుకుని అడిగితే కంపెనీ మనిషి ఓపికగానే చెప్పాడు. "గడి ఖాళీగా పెడితే గ్రాఫ్ తెగిపోతుంది మేడమ్."

"తెగనీ నాయనా. తెగిన కాడ తెగిందని కనపడనీ."

కొత్త పోర్టల్లో అంకె లేకుండా పేజీ ముందుకు పోదు. అదే కాలంలో లస్కర్లు ఒక్కొక్కరూ రిటైరవుతూ వచ్చారు. వాళ్ల చోట ఎవరినీ వేయలేదు. చూసే మనిషి లేని గేజీలకు పోర్టల్లో రోజూ సున్నే పడాలి. ఆమె కొట్టింది, ఉద్యోగం కాబట్టి. కొట్టిన వెంటనే ఆ నల్ల చదరం తెరిచి, అదే గేజీకి, అదే రోజుకు గీత పెట్టేది. ప్రతిరోజూ రెండు లెక్కలు. "బయట వాళ్లు అడిగిన సున్న, లోపల ఉండే గీత" అనేది. ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా ఎవరూ ఆమెను రెండోది రాయమనలేదు. రాయొద్దనీ అనలేదు, ఆ ఏడాది దాకా.

ఆ ఏడాది డిపార్ట్‌మెంటు ఒక జాబితా తయారుచేసింది. పదేళ్లుగా నీళ్లు చేరని ఊళ్లను కాలువ ఆయకట్టు నుంచి తీసేయాలని ప్రతిపాదన. తీసేస్తే ఆ ఊరికి నీళ్ల వాటా ఉండదు, పిల్లకాలువకు మరమ్మతు ఉండదు, భూములు మెట్ట కింద పడతాయి. మళ్లీ ఎక్కడం ఎవరి తరమూ కాదు. చివరి ఊరు ఆ జాబితాలో ఉంది. పోర్టల్ గ్రాఫ్‌లో ఆ ఊరి గేజీ దగ్గర పన్నెండేళ్ల పాటు ఒకటే గీటు, అడుగున, సున్న మీద.

అభ్యంతరాలుంటే విచారణలో చెప్పుకోమని నోటీసు వచ్చింది. నోటీసు తీసుకుని ఆ ఊరి రైతు ఆఫీసులో బల్ల బల్లకీ తిరిగి చివరికి ఆమె దగ్గర నిలబడ్డాడు. నేనూ ఆ రోజు అక్కడే ఉన్నాను. ఆమె నోటీసు చదివి, గ్రాఫ్ చూసి, నల్ల చదరం తెరిచింది.

"ఇదో చూడప్పా. మీ ఊరి లస్కరు రిటైరైన రోజు. ఆ పొద్దు దాకా అంకెలు. మర్నాటి నుంచి గీతలు. ఎవురూ చూడలే మీ గేజీని. చూడనిదాన్ని వాళ్లు లేదని రాసుకున్యారు."

రైతు తెరకు మొహం ఆనించినంత దగ్గరగా వంగి చూశాడు. "అయితే మేం బతికినట్టేనా?"

"అది నాకేం తెలుసు. సాక్ష్యం ఉండాదని మాత్రం చెప్తాండా."

సాక్ష్యం ఉందన్న మాట ఆఫీసంతా పాకడానికి పూట పట్టలేదు. సరిగ్గా అప్పుడే హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. కంప్యూటర్ల భద్రత కోసం పాత, అనుమతి లేని సాఫ్ట్‌వేర్లన్నీ తీసేయాలని. రెండింటికీ సంబంధం ఉందని నేను నిరూపించలేను. ఉత్తరంలో ఆమె కంప్యూటర్ నంబరు ఉంది.

డివిజన్‌కు పెద్ద ఇంజినీరు, ఈఈ గారు, ఆమెను పిలిచారు. చెడ్డ మనిషి కాదు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి, ఎప్పుడు వెళ్దామా అని చూస్తున్న మనిషి.

"మేడమ్, మీకు రిటైర్మెంట్ ఎనిమిది నెలలుంది. ఈ గొడవ ఎందుకు మీకు?"

"ఎనిమిది నెలలంటే శానా రోజులు సార్."

"అది వైరస్‌లకు దారి ఇస్తుందంటున్నారు."

"దానికి నెట్టు లేదు సార్. నేనే తీసేసినా. బయటి తలుపే లేదు ఆ ఇంటికి. కావాల్నంటే మీ మనిషిని పంపి చూసుకోండి."

మనిషి వచ్చి చూశాడు. నెట్టు లేదనే రాశాడు. అయినా మెమో వచ్చింది. అనుమతి లేని ప్రోగ్రాం నడుపుతున్నందుకు మీపై చర్య ఎందుకు తీసుకోకూడదో మూడు రోజుల్లో చెప్పాలని. తోటి గుమస్తాలు క్షమాపణ ముసాయిదా రాసిచ్చారు. ఆమె అది మడిచి డ్రాయరు అడుగున వేసుకుని, తన జవాబు తాను రాసింది. నేను ఆ కాగితం చూశాను. రెండే వాక్యాలు. "నేను నడుపుతున్నది ఈ శాఖ ఇంజినీరు ఈ శాఖ కోసం రాసిన ప్రోగ్రాం. దీనిని ఆపమని రాతపూర్వకంగా ఇచ్చినచో, ఆపమన్న అధికారి పేరు, హోదా అందులోనే ఆఖరి ఎంట్రీగా రాసి ఆపగలను."

రాతపూర్వకంగా ఎవరూ ఇవ్వలేదు.

ఆ రోజుల్లోనే ఆమె నడుముకు తాళాల గుత్తితో పాటు ఒక పెన్‌డ్రైవ్ వేలాడటం మొదలైంది. వర్చువల్ మెషీన్ మొత్తం ఒకే ఒక ఫైలు. కాపీ చేసుకుంటే ఏ కంప్యూటర్లోనైనా లేస్తుంది. ఒకటి నాకూ ఇవ్వమన్నాను.

"నీకు ఇయ్యను. నువ్వు వార్త రాస్తావు."

"రాస్తే మంచిదే కదా?"

"విచారణ కాకముందే రాస్తే అది గలాటా అయితాది. అయినాక రాసుకో. అంతదాకా టీ తాగు."

విచారణకు మూడు రోజుల ముందు చివరి ఊరి నుంచి నలుగురు వచ్చారు. ముందు ఆ రైతే. చేతిలో సంచి, సంచినిండా దోసకాయలు. భోజనాల వేళ, హాల్లో ఎక్కువమంది లేరు. ఆమె జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి ముందు పెట్టుకుని ఉంది. అతను కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"అమ్మా, ఒక మాట. నీ మిషన్ పాతది. దాని సంగతి నీకు తప్ప ఈ ఆఫీసులో ఎవురికీ తెలీదు."

"అయితే?"

"పన్నెండేండ్ల గీతలు. అన్నీ వద్దులే. ఏడాదికి ఒక నెల. ఒక్కొక్క దాంట్లో అడుగు, అడుగున్నర కొట్టమ్మా. నీళ్లు వచ్చిన మాట నిజమే కదా."

"వచ్చినాయా?"

"వచ్చినాయి. కొన్నేండ్లు వచ్చినాయి."

"ఏ యేడు? ఏ నెలలో?"

నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకాయన వేళ్లు మడిచి లెక్కపెట్టబోయి మానేశాడు.

"రాత దిద్దితే అదే చూపిస్తాది, తేదీతో సహా," అంది ఆమె. "అది ఒకటి. చూపించకపోయినా నేను రాయను. అది రెండు. వాళ్లు చూడకుండా సున్న రాసినారు. మీరు చూడకుండా అడుగు రాయమంటాండారు. మీకూ వాళ్లకూ తేడా ఏమప్పా?"

రైతు లేచి నిలబడ్డాడు. అతని గొంతు పెద్దది కాలేదు. "తేడా ఏందని అడుగుతాండావా? వాళ్లది ఉద్యోగం. మాది కడుపు."

ఆమె రొట్టె ముక్క పళ్లెంలో పెట్టేసింది.  

"ఆ మాటకు నా కాడ జవాబు లేదు," అంది. "కానీ రాయను."

"లస్కరు కూతురివి. మా గట్టు మీద తిరిగిన మనిషి బిడ్డవి."

"అందుకే రాయను."

అతను సంచి తీసుకుని బయటికి నడిచాడు. మిగతా ముగ్గురూ వెనకే. రెండు నిమిషాల్లో ఒక్కడే తిరిగొచ్చి సంచి బల్ల మీద పెట్టాడు. "ఇది నీకు కాదు. ఆఫీసుకు." ఆమె మొహం చూడకుండా వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం అటెండరు దోసకాయలు అందరికీ పంచాడు. ఈఈ గారికీ రెండు వెళ్లాయి.

విచారణ రోజున ఈఈ గారి పై అధికారి ఎస్ఈ గారు పెద్ద హాల్లో కూర్చున్నారు. ఊరి తరఫున పాతిక మంది వచ్చారు. ఆమెను పిలిస్తే ఒట్టి చేతులతో వచ్చింది.

"ప్రింట్లు తేలేదా?" అన్నారు ఎస్ఈ.

"తేలేదు సార్. ప్రింటు తెస్తే నేను కొట్టుకున్నానంటారు. మిషన్ నా బల్ల మీద ఉండాది. మీరే రావాల. మీకు ఇష్టమైన తేదీ, మీ వేలితో కొట్టుకోవాల."

ఈఈ గారు నేల వైపు చూశారు. ఒక పెద్ద అధికారిని గుమస్తా బల్ల దగ్గరికి రమ్మనడం ఆ ఆఫీసులో అంతకుముందు జరిగి ఉండదు. ఎస్ఈ గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు, ఆలోచించారు, లేచారు. పాతిక మందీ ఆయన వెనకే బండల మీద నడిచారు. ఆమె ఆయనకు తన కుర్చీ ఇచ్చి, పక్కన నిలబడి, అరచేయి డబ్బా మీద పెట్టింది.

ఎస్ఈ గారు ఒక తేదీ కొట్టారు. ఇరవై మూడు గేజీలు వరుసగా దిగాయి. పై గేజీల్లో చాలావాటికి అంకెలు. చివరిదానికి గీత. పక్కన ఇంగ్లీషు పొడి అక్షరాల్లో, లస్కరు రిటైర్డ్, పోస్టు ఖాళీ. ఇంకో తేదీ కొట్టారు. అదే గీత. లస్కరు ఉన్న కాలానికి వెళ్లారు. రెండడుగులు. ఒకటి ముప్పావు. తర్వాత ఒక రోజు సున్న, చూసిన లస్కరు పేరు పొడి అక్షరాలతో.

"ఇప్పుడు అదే రోజు పోర్టల్లో చూడండి సార్," అంది. చూశారు. సున్న. "గీత ఉండే రోజు చూడండి." అదీ సున్నే. రెండు సున్నలూ పక్కపక్కన పెట్టి ఆయన చాలాసేపు చూశారు.

"అయితే ఏమంటారు మేడమ్? ఈ పన్నెండేళ్లూ నీళ్లు వచ్చాయంటారా?"

వెనక రైతులు ఇంకో అడుగు దగ్గరికి జరిగారు. ఆమె ఒక్క అవునంటే చాలు. అడిగినాయన కూడా దాదాపు అవుననిపించుకోవడానికే అడిగినట్టుంది.

"అనను సార్. నాకు తెలీదు. మీకూ తెలీదు. తెలీదని రాయండి. లేదని మాత్రం రాయొద్దు."

నా వెనక ఎవరో ఉసూరుమన్నారు. ఆ రైతు తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. ఎస్ఈ గారు మాత్రం ఆ మాటను దాదాపు అలాగే ఉత్తర్వులో రాశారు. ఆ ఊరి గేజీ చూడబడలేదు గనుక నీరు చేరలేదని నిర్ధారించలేమని, ఆయకట్టు నుంచి తొలగించరాదని, ఈ సీజను మొత్తం రోజుకు రెండుసార్లు గేజీ చూడాలని, అందుకొక మనిషిని వేయాలని. మెమో సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

ఔట్‌సోర్సింగ్ మీద ఒకాయనను వేశారు. కోసిగి వైపు మనిషి, నలభై దాటిన వయసు, ఏటా బెంగళూరులో సెంట్రింగు పనికి పోయి వచ్చేవాడు. "దుడ్లు తక్కువే మేడమ్, కానీ ఇంటి మనుషుల కాడ ఉండొచ్చు" అని ఆమెతో చెప్పాడు. ఆమె అతన్ని రోజంతా తన బల్ల పక్కన కూర్చోబెట్టుకుని ఒకే ఒక సంగతి నేర్పి పంపింది. పూడిక మీద నుంచి గేజీ చదవకూడదని, అడుగు దాకా తవ్వి చూడాలని.

కాలువకు నీళ్లు వదిలారు. చివరి ఊరికి చేరాల్సిన రోజు వచ్చింది. ఆ పొద్దున రైతు ఎనిమిదికే ఆఫీసుకొచ్చి ఆమె బల్ల ముందు కూర్చున్నాడు. విచారణ తర్వాత ఆమెతో మాట్లాడింది లేదు. వచ్చీ పలకరించలేదు. ఫోన్ మోగింది. ఆమె స్పీకర్ పెట్టింది.

"నీళ్లు లేవు మేడమ్. అడుగు దాకా తవ్వి చూసినా. తడి గూడ లేదు."

"సరే నాయనా."

ఆమె పోర్టల్లో సున్న కొట్టింది. నల్ల చదరం తెరిచి అందులోనూ సున్న కొట్టింది. పన్నెండేళ్ల గీతల కింద మొదటి అంకె.

రైతు కుర్చీ వెనక్కి జరిగింది. "నా కండ్ల ముందరే సున్న కొడతాండావే. దీనికేనా ఇంత చేసింది?"

ఆమె ఆ పేజీ ప్రింటు తీసింది. కోసిగి మనిషి పేరు, చూసిన వేళ, పై గేజీల అంకెలు అన్నీ ఉన్నాయి అందులో. పై నాలుగు గేజీల్లో నిండుగా నీళ్లు. కాగితం అతని ముందు పెట్టి, చివరి రెండు వరుసల మధ్య గోరుతో గీసింది.

"నిన్నటిదాకా ఆ సున్న వాళ్లది. మిమ్మల్ని కొట్టేయడానికి పనికొచ్చింది. ఈపొద్దు నుంచి ఇది మీది. ఈడిదాకా రెండున్నర అడుగులు, ఈడ సున్న. మధ్యలో ఏమైనాయో వాళ్లు చెప్పాల. పో, తీసుకపోయి ఈఈ గారి బల్ల మీద పెట్టు. రేపు రా. రేపు సున్న అయితే రేపటిదీ పెట్టు."

"ఎన్నాళ్లు పెట్టేది?"

"ఆయనకు బల్ల కనపడకుండా పోయేదాకా."

 అతను కాగితం మడవకుండా, రెండు చేతులతో పట్టుకుని ఈఈ గారి గదిలోకి వెళ్లాడు. మర్నాడు వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఒక్కోరోజు ఊరివాళ్లు ఇద్దరు ముగ్గురు వెంట ఉండేవాళ్లు. ఒకరోజు గదికి తాళం ఉంటే, తలుపు కింద నుంచి తోసి, అటెండరు సంతకం వేరే కాగితం మీద తీసుకుపోయాడు. ఆమెకు నమస్కారం మాత్రం పెట్టేవాడు కాదు. ఆమె కూడా అడిగేది కాదు. ప్రింటు తీసి బల్ల అంచున పెట్టేది, అతను తీసుకునేవాడు.

పదకొండో రోజు ఈఈ గారి జీపు ఆ ఊరి గేజీ దగ్గర ఆగింది. అప్పటికి నేనూ అక్కడికి చేరాను. ఆయన దిగి, ఎండిన కాలువ అడుగులో నాలుగు అడుగులు నడిచి, రాయిని చేత్తో తట్టి చూసి, మళ్లీ ఎక్కారు. జీపు కర్నూలు దారి పట్టలేదు. గట్టెక్కి, నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో చూడటానికి ఎగువకు తిరిగింది. వెనకే ఆ ఊరి మోటార్ సైకిళ్లు, పద్దెనిమిదో ఇరవయ్యో, ఎర్రటి దుమ్ములో. మూడో తూము దాటాక గట్టును తొలిచి పాతిన లావుపాటి పైపు ఒకటి బయటపడింది. ఎవరి తోటలోకి పోతోందో అక్కడున్న అందరికీ తెలుసు. ఆ పేరు పైకి అనడానికి అందరూ భయపడే మనిషి అతను. ఈఈ గారు జీపు దిగకుండా కాసేపు ఫోన్ వంక చూస్తూ కూర్చున్నారు. తర్వాత దిగి, పారలు ఎక్కడైనా దొరుకుతాయా అని అడిగారు.

పారలు అప్పటికే మోటార్ సైకిళ్ల మీద ఉన్నాయి.